శరత్తులో ఆకులు రాలవు

2025 నవంబరు మొదట్లో ఒక స్నేహితుడు తన కవితల రాతప్రతి పంపాడు. పుస్తకం వేద్దామనుకుంటున్నాడు, ఈలోగా ఒకసారి చూసిపెట్టమన్నాడు. నలభై రెండు కవితలు, ఒకే గూగుల్ డాక్యుమెంటు. పగలంతా నేను చేసే పని కూడా అలాంటిదే: ఇంకొకరు రాసిన కోడ్ చదివి పక్కన కామెంట్లు పెట్టడం. రాత్రి అదే చేత్తో కవితలకీ పెట్టాను. పదిహేడో కవితలో ఒకతను హైదరాబాదులో, శరదృతువులో, ఎర్రటి ఆకుల గుట్టల మీద నడుస్తూ విడిపోయిన అమ్మాయిని తలుచుకుంటుంటాడు. పక్కన టైపు చేశాను: "మన దగ్గర శరత్తులో ఆకులు రాలవు."

మర్నాడు పొద్దున్నే జవాబు. "మరి ఎప్పుడు రాలతయ్ అన్నా?"

"శిశిరంలో" అని క్షణంలో కొట్టేశాను. ఆఫీసుకి వెళ్తూ దారిలో ఆలోచిస్తే అనుమానమొచ్చింది. ఇది నేను చూసి చెప్పానా, చదివి చెప్పానా? మా అపార్ట్‌మెంటు ఎదురుగా రెండు పెద్ద చెట్లున్నాయి. ఆరేళ్ళుగా వాటి నీడలోనే బండి పెడుతున్నాను. అవి ఏ నెలలో ఆకు రాలుస్తాయో, అసలు రాలుస్తాయో లేదో నాకు తెలీదు. ఒకదాని పేరే తెలీదు. పైగా కొన్నేళ్ళ కిందట ఒక కవితా సంపుటి మీద రాస్తూ, "శరత్తులో రాలే ఆకులా" అనే పోలిక ఉన్న కవితని నేనే తెగ మెచ్చుకున్నాను. అప్పుడు ఈ తప్పు కళ్ళకి ఆనలేదు. పోలిక బాగుంది, అంతే.

అందుకని ఈ వ్యాసం స్నేహితుడి కవిత మీద కంటే ఆ కామెంటు మీద.

*

తికమక మాటతోనే మొదలవుతుంది. ఇంగ్లీషు 'ఆటమ్'కి తెలుగులో ఏం రాయాలి? సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు అని నెలలు చూసుకుంటే శరత్తు. రాలే ఆకుల్ని చూసుకుంటే శిశిరం. కానీ మన శిశిరం మాఘ ఫాల్గుణాలు, అంటే ఇంచుమించు ఫిబ్రవరి, మార్చి. రెండూ వద్దనుకున్నవాళ్ళు 'ఆకురాలు కాలం' అని రాస్తారు. అది ఏ నెలకీ కట్టుబడని మాట కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదు. అనువాదాల్లో ఈ మూడూ కనిపిస్తాయి. చదివి చదివి మన బుర్రలో మూడూ ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. అందుకే 'శరత్తు' అనగానే నా తరానికి వెన్నెల కంటే ముందు ఎర్రాకులు గుర్తొస్తాయి.

ఈ బొమ్మ మాకు ఇంగ్లీషు కవిత్వం నుంచి వచ్చిందని కూడా నేననుకోను. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో విండోస్ ఎక్స్‌పీ ఉండేది. దాంట్లో ఆ ప్రసిద్ధమైన పచ్చటి గుట్టతో పాటు 'ఆటమ్' అనే ఇంకో వాల్‌పేపర్ కూడా ఉండేది: చెట్ల మధ్య ఒక బాట, దాని నిండా రాలిన ఆకులు. మా బ్యాచ్‌లో సగం మందికి తెలిసిన శరత్తు అదే. ప్రాక్టికల్ అయ్యేలోపు రోజూ రెండు గంటలు దాన్ని చూస్తూ కూర్చునేవాళ్ళం.

ఇంగ్లీషు కవిత్వం సంగతి చూద్దామని కీట్స్ రాసిన 'టు ఆటమ్' మళ్ళీ తీశాను. 1819 సెప్టెంబరు 19న వించెస్టర్‌లో రాసిన కవిత. ఆ రుతువు మీద ఇంగ్లీషులో ఇంతకంటే పేరున్న కవిత లేదు. రాలే ఆకు కోసం వెతికాను. ఒక్కటీ దొరకలేదు. పళ్ళు ముగ్గుతున్నాయి, తేనెటీగలు ఇంకా తిరుగుతున్నాయి, కోత కోసిన పొలాల్లో మోళ్ళు మిగిలాయి, దోమల గుంపు సన్నగా రొద చేస్తోంది, ఆకాశంలో స్వాలో పిట్టలు గుమిగూడుతున్నాయి. ఆ మోళ్ళ పొలాలే ఆయనకి ఎక్కువ నచ్చాయి. నడకకి వెళ్ళినప్పుడు అవి వెచ్చగా కనిపించాయనీ, ఆ మీదటే కవిత రాశాననీ స్నేహితుడికి ఉత్తరంలో చెప్పుకున్నాడు. కోసిన వరి మోళ్ళు మనకి కనిపించేది నవంబరు, డిసెంబరుల్లో. ఆ లెక్కన కీట్స్ ఆటమ్‌కి తెలుగులో దగ్గరి చుట్టం శరత్తూ కాదు, శిశిరమూ కాదు, హేమంతం.

మరి ఎర్రాకులు? అవి అట్లాంటిక్ అవతలివి. థోరో 1862 మేలో చనిపోయాడు. అదే ఏడు అక్టోబరులో 'అట్లాంటిక్ మంత్లీ' పత్రిక ఆయన వ్యాసం 'ఆటమ్నల్ టింట్స్' వేసింది. దాని మొదట్లోనే ఆయన ఒక ఫిర్యాదు లాంటిది చేస్తాడు. అమెరికా చెట్ల రంగులు చూసి యూరప్ వాళ్ళు ఆశ్చర్యపోతారట. ఇంగ్లీషు కవిత్వంలో ఈ రంగుల ఊసు లేదు, ఎందుకంటే అక్కడి చెట్లు ఇంతగా రంగు మారవు. అంటే ఇంగ్లీషులో రాసేవాడికి కూడా తనకి వారసత్వంగా వచ్చిన ఆటమ్ కిటికీలోంచి కనిపించేదానితో సరిపోలేదు. చెట్టు చెట్టు దగ్గరికీ వెళ్ళి, ఏది ఏ వారంలో ఏ రంగుకి తిరుగుతుందో కొత్తగా రాసుకోవాల్సి వచ్చింది. ఇది చదివాక నా కామెంటులో గర్వం కాస్త దిగింది. నేనేదో తెలుగు రుతువుల్ని ఇంగ్లీషు దాడి నుంచి కాపాడుతున్నాననుకున్నాను. దిగుమతి సరుకు వాడటం స్నేహితుడి తప్పు కాదు. కాకపోతే అతను కిటికీ తెరవలేదు, నేనూ తెరవలేదు.

చెట్టు వైపు నుంచి చూస్తే కారణం సులువే. చలి దేశాల్లో పగళ్ళు కురచవుతూ చలి పెరుగుతుంటే చెట్టు ఆకులోని పచ్చదనాన్ని వెనక్కి తీసుకుని, ఆకుని వదిలేస్తుంది. మన దక్కను అడవుల్లో చెట్టుకి కరువయ్యేది వెలుతురు కాదు, నీళ్ళు. అక్టోబరు, నవంబరుల్లో నేల వానలు తాగి ఉంటుంది, ఆకు వదులుకోవాల్సిన అవసరమే లేదు. నేల ఎండుతూ వచ్చాక టేకు ఆకులు రాలతాయి, మోదుగ ఆకులన్నీ వదిలేసి ఒట్టి కొమ్మల మీద పూస్తుంది. బళ్ళో 'ఆకురాల్చు అడవులు' అని చదువుకున్నాం కానీ ఎప్పుడు రాలుస్తాయని ఏ పరీక్షలోనూ అడగలేదు.

*

శరత్తులో ఆకులు రాలకపోతే మరేం జరుగుతుంది? ఈ ప్రశ్నతో చదివితే తెలుగు సాహిత్యంలో అందరికీ తెలిసిన అతుకు ఒకటి కొత్తగా కనిపించింది.

భారతంలో అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో నన్నయ చివరిదిగా చెప్పుకునే పద్యం శరత్కాలపు రాత్రుల మీద. నక్షత్రాలు దండలు దండలుగా ఉన్నాయి, విచ్చిన తెల్లకలువల వాసన గాలిలో వస్తోంది, కర్పూరం పొడి చల్లినట్టు వెన్నెల ఆకాశమంతా నిండింది. అక్కడితో నన్నయ ఆగిపోయాడు. తర్వాత తిక్కన వచ్చి, ఆ ఖాళీని అలాగే వదిలి, విరాటపర్వం నుంచి మొదలుపెట్టాడు. 14వ శతాబ్దంలో ఎర్రన ఖాళీ పూరించడానికి కూర్చున్నాడు. ఆయన మొదటి పద్యం కూడా శరత్తు మీదే, కాకపోతే ఉదయం మీద. మబ్బుల తెర తొలగింది, ఎర్రటి లేత కిరణాలు పడుతున్నాయి, తామరలు విచ్చుకున్నాయి, హంసలూ బెగ్గురులూ తుమ్మెదలూ చప్పుడు చేస్తున్నాయి. ఆయన అక్కడితో ఆగలేదు. దాదాపు మూడు వందల ఏళ్ళ కిందటి రాజరాజ నరేంద్రుడికే ఆ భాగాన్నీ అంకితమిచ్చి, అతుకు కనపడకుండా చేశాడు.

11వ శతాబ్దంలో పడిన రాత్రికి 14వ శతాబ్దంలో తెల్లారింది అనే మాట తెలుగు క్లాసులో చాలామంది వినే ఉంటారు. బావుంటుంది కూడా. నాకు ఆసక్తి కలిగించింది వేరే. రెండు పద్యాల్లోనూ రుతువు గుర్తులు ఏవో చూడండి. ఇద్దరూ చెప్పేది ప్రధానంగా ఒక లేకపోవడం గురించి. మబ్బు లేదు, బురద లేదు, ముసురు లేదు, కాబట్టి దూరం కనిపిస్తోంది, వాసన దూరం నుంచి వస్తోంది, చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. ఆటమ్ పడిపోవడమైతే శరత్తు తేటపడటం. నీళ్ళు తేరుకున్నట్టు ఆకాశం తేరుకోవడం. చెట్టు మీద కనిపించే మార్పు కాదిది, మన చూపులో వచ్చే మార్పు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడానికి ఏమీ లేదు. ఫోటో కొంచెం షార్ప్‌గా వస్తుంది, అంతే. ఇంత సన్నని మార్పుని పట్టుకున్న మాటని, పక్క దేశపు రంగు కోసం ఖర్చు చేసేస్తున్నామే అన్నది నా అసలు బాధ.

అయితే హంసలూ తామరలూ చూసి రాసినవేనా? శరత్తు అనగానే రెల్లుపూలు, హంసలు, తేట నీళ్ళు రాయాలని సంస్కృత కవుల దగ్గర జాబితా సిద్ధంగా ఉంది. నేను మొదట్లో ఈ జాబితాని వాల్‌పేపర్‌తో సమానంగానే చూశాను. పాతది, అంతే తేడా. కానీ ఆ జాబితాలో కాటుకపిట్ట కూడా ఉంది, ఖంజరీటం. తులసీదాసు కిష్కింధకాండలో శరత్తు రాగానే ఈ పిట్ట వచ్చిందంటాడు. వచ్చిందంటే ఎక్కణ్ణుంచి? నవంబరులో మా ఆఫీసు పార్కింగ్ దగ్గర తోక ఆడిస్తూ పరుగెత్తే తెల్లమొహం పిట్టని చూసి, పక్షుల యాప్‌లో వెతికాను. ఏడాదంతా ఇక్కడే ఉండే దాని దాయాది ఒకటుందిట, దాంతో పొరబడ్డానేమోనని రెండుసార్లు చూసుకున్నాను. కాదు, ఇది ఉత్తరాన్నుంచి వచ్చే వలస పిట్టే. సెప్టెంబరు, అక్టోబరుల్లో దిగి ఎండలు ముదిరే లోపు వెళ్ళిపోతుంది. కవిసమయం అని నేను కొట్టిపారేసింది ఒకప్పుడు ఎవరో కళ్ళతో చూసిందే. తర్వాతి వాళ్ళు చూడకుండా రాసి ఉండొచ్చు. ఆ మొదటివాడు మటుకు చూశాడు.

ఏడాకుల పొన్న కూడా అంతే. సప్తపర్ణి పేరుతో కాళిదాసు నుంచీ శరత్తులో పూస్తూనే ఉంది. హైదరాబాదులో అక్టోబరు రాత్రి సిగ్నల్ దగ్గర ఆగితే ముక్కు పుటాలదిరే ఒక వాసన వస్తుందే, అదే. ఏళ్ళ తరబడి దాన్ని ఎవరిదో ఘాటు సెంటు అనుకున్నాను. వాసనకి తలనొప్పి వస్తుందని తిట్టుకునే వాళ్ళు మా కాలనీలో చాలామంది ఉన్నారు. తిట్టుకునే ప్రతివాడూ రుతువుని గమనిస్తున్నట్టే.

*

మా ఊరు అద్దంకికి దగ్గర. ఎర్రనని ఆదరించిన ప్రోలయ వేమారెడ్డి రాజధాని అద్దంకే. ఇది ఇక్కడ చెప్పడానికి కారణం ఊరి మీద అభిమానం ఒక్కటే కాదు. ఎర్రన పద్యంలోని మబ్బు తొలగిన ఉదయం మా ఊరి శరత్తుతో సరిపోదు.

నైరుతి రుతుపవనాలు వెనక్కి మళ్ళాక తెలంగాణలో ఆకాశం తేటపడుతుంది, నిజమే. ఒంగోలు, నెల్లూరు వైపు అప్పుడే అసలు వానలు. ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు, తుపాన్లు. కార్తిక దీపాలు వెలిగించాలంటే గాలి ఆగాలి. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచి వేలమందిని తీసుకుపోయింది, అది కార్తికమాసంలో, శుక్లపక్షంలో. 2025లో మొంథా తుపాను తీరం దాటిన అక్టోబరు 28 కూడా కార్తికమే. పంచాంగం ఈ రెండు తేదీల్నీ శరత్తు అనే అంటుంది.

ఎర్రనకి ఇది తెలీదా? తప్పకుండా తెలుసు. ఆయన రాస్తున్నది అద్దంకి గురించి కాదు, పాండవులు తిరుగుతున్న ఉత్తరాది అడవుల గురించి, అదీ నన్నయ గొంతుతో. అక్కడ తన ఊరి ముసురు పెట్టడం కుదరదు. అందుకని పద్యాన్ని తప్పు పట్టను. కానీ తీరప్రాంతపు కార్తికం, తడిసిన కట్టెలు, ఆరని బట్టలు, రేడియోలో తుపాను హెచ్చరికలతో కూడిన శరత్తు, మన వర్ణనల్లో చోటు దొరక్క నవలల్లోకీ కథల్లోకీ వెళ్ళిపోయింది. అక్కడ అది 'రుతువు'గా కాకుండా 'విపత్తు'గా కనిపిస్తుంది. ఏటా వచ్చేదాన్ని విపత్తు అంటున్నామంటే మన రుతువుల పేర్లలోనే ఏదో తేడా ఉందన్నమాట.

ఆ పేర్లతో ఇంకో చిక్కు. 2023లో అధికశ్రావణం వచ్చింది కాబట్టి దీపావళి నవంబరు 12న పడింది, కార్తికం డిసెంబరు రెండో వారం దాకా నడిచింది. 2025లో దీపావళి అక్టోబరు 20, కార్తికం నవంబరు 20తో సరి. హేమంతం మొదలయ్యే తేదీ మూడు వారాలు అటూ ఇటూ జరిగింది. ఇక ఉత్తరాది పంచాంగంలో నెల పున్నమితో అయిపోతుంది, మనది అమావాస్యతో. కృష్ణపక్షం వస్తే వాళ్ళు మనకంటే ఒక నెల ముందుంటారు. టైమ్‌జోన్ బగ్గులతో జుట్టు పీక్కునే నాలాంటి వాడికి ఇది కొత్తేమీ కాదు. గడియారాలు వేరైనా పొద్దు ఒకటే. శనగ మొక్కకి అధికమాసం తెలీదు.

శనగ ఊరికే గుర్తు రాలేదు. నాన్నకి ఫోన్ చేసి అడిగాను: "శరత్తు అయిపోయి హేమంతం వచ్చిందని నీకెలా తెలుస్తుంది?" ఇలాంటి ప్రశ్నలు నేనెప్పుడూ అడగను కాబట్టి ఆయన ముందు నా ఉద్యోగం గురించి కంగారుపడ్డాడు. తర్వాత చెప్పాడు. "ఆ పేర్లు నాకెందుకురా. ముసుర్లు ఆగి, నల్లరేగడి ఆరతా ఉంటది. పదును పోకముందే శనగ ఎయ్యాల. ఏసినాక మళ్ళీ వాన రాకూడదు. అక్కణ్ణుంచి దాన్ని మంచే పెంచుద్ది."

నేల పదును, ఆ తర్వాత మంచు. ఏ కావ్యంలోనూ నాకు దొరకని అతుకు ఆ రెండు వాక్యాల మధ్య ఉంది. శరత్తుది వాన నీళ్ళ తేట. హేమంతం పేరులోనే హిమం ఉంది. ఒక నీళ్ళ నుంచి ఇంకో నీళ్ళకి మారే రోజు ఒకటుంటుంది, అది ఏ ఏటికా ఏడు వేరు. శనగ ఆకుల మీద పడిన మంచు పుల్లగా ఉంటుంది. రాత్రి చేలో గుడ్డ పరిచి తెల్లారి పిండితే పుల్లటి నీళ్ళొస్తాయి, కడుపునొప్పికి దాచుకునేవాళ్ళట. పొద్దున్నే ఆ చేలో నడిచి కాళ్ళు మండించుకున్న సంగతి నాకూ గుర్తుంది. అప్పుడు నాకు తొమ్మిదో పదో ఏళ్ళు. రుతువు మారడాన్ని అరికాళ్ళతో చదివినవాణ్ణే, మర్చిపోయాను.

కావ్యాలు ఈ అతుకు దగ్గర ఆగవు. 'ఋతుసంహారం'లో ఆరు రుతువులకి ఆరు సర్గలు, ఒక్కొక్కటీ ఒక గది. శరత్తు తలుపు మూసి హేమంతం తలుపు తెరుస్తాడు, మధ్యలో వసారా లేదు. వసారాని పట్టించుకున్నది వైద్యులు. వాగ్భటుడు ఒక రుతువు చివరి వారాన్నీ తర్వాతి రుతువు మొదటి వారాన్నీ కలిపి ఋతుసంధి అన్నాడు. పాత అలవాట్లు మెల్లగా వదిలి కొత్తవి మెల్లగా పట్టుకోమన్నాడు. శార్ఙ్గధరుడైతే కార్తికం ఆఖరి ఎనిమిది రోజుల్నీ మార్గశిరం మొదటి ఎనిమిది రోజుల్నీ కలిపి యమదంష్ట్ర అన్నాడు. యముడి కోరలు. ఆ పదహారు రోజులూ తక్కువ తిన్నవాడు బతుకుతాడని ఆయన లెక్క.

నేనైతే ఈ పేరుని కూడా అతిశయోక్తి కింద తీసిపారేసేవాణ్ణే. కానీ నాన్నకి ఉబ్బసం. చిన్నప్పుడు మా ఇంట్లో చలికాలం వచ్చిందని తెలిసేది స్వెట్టర్లతో కాదు, తెల్లవారుజామున వసారాలో మంచం మీద లేచి కూర్చున్న నాన్న ఊపిరి చప్పుడుతో. మంచు దిగిన మొదటి వారం అది మొదలయ్యేది. ఇప్పుడు ఇన్‌హేలర్ ఉంది, మందులు మెరుగుపడ్డాయి. అయినా నవంబరు మూడో వారం వచ్చేసరికి అమ్మ ఫోన్‌లో గొంతు తగ్గించి మాట్లాడుతుంది.

*

అందుకే రామాయణంలో హేమంత వర్ణన ఈసారి వేరేగా చదువుకున్నాను. అరణ్యకాండ పదహారో సర్గ. పంచవటిలో తెల్లవారుజామున రాముడు గోదావరి స్నానానికి బయలుదేరాడు. వెనక కుండ పట్టుకుని లక్ష్మణుడు. నడుస్తూ చలికాలం గురించి చెప్పడం మొదలుపెడతాడు లక్ష్మణుడు. సర్గలో ఎక్కువ భాగం అతని మాటలే.

ఇక్కడ చూసి చెప్పినవి ఎన్ని ఉన్నాయో. దాహంతో ఉన్న ఏనుగు నీటికి తొండం తగిలించి, చల్లదనానికి చటుక్కున వెనక్కి లాక్కుంటుంది. నీటిపిట్టలు ఒడ్డున నిలబడి ఉన్నాయి, నీళ్ళలో దిగవు, యుద్ధానికి జంకే పిరికివాళ్ళలా. వరి కంకులు బంగారు రంగుకి తిరిగి తలలు వంచాయి. చంద్రుడి కళ తగ్గిపోయింది, ఊపిరి తగిలి మసకేసిన అద్దంలా ఉన్నాడు. శరత్తులో కర్పూరం పొడిలా ఉన్న వెన్నెల ఎంత దూరం వచ్చిందో చూడండి. తేటపడిన చూపు మళ్ళీ మసకేసింది. నన్నయ చంద్రుడికీ వాల్మీకి చంద్రుడికీ మధ్య ఉన్న తేడానే రెండు రుతువుల మధ్య ఉన్న తేడా. దాన్ని కొలవడానికి ఒక మనిషి ఊపిరి వాడాడు వాల్మీకి. ఆ పోలిక దగ్గర నేను కాసేపు పుస్తకం మూశాను, కారణం పైన చెప్పాను.

కానీ ఈ వర్ణన ఎక్కడికి పోతుందనేది ఇంకా ముఖ్యం. ఏనుగులూ పిట్టలూ వరిచేలూ అయ్యాక లక్ష్మణుడు ఉన్నట్టుండి భరతుడి మాట ఎత్తుతాడు. రాజ్యం ఉండీ వదులుకుని, ఈ చలిలో అతను కటికనేల మీద పడుకుంటున్నాడు, ఈ వేళకి సరయూ స్నానానికి వెళ్తుంటాడు, సుకుమారంగా పెరిగినవాడు, ఆ చన్నీళ్ళు ఎలా ఓర్చుకుంటున్నాడో అంటాడు. రాముణ్ణి వెనక్కి తీసుకెళ్ళడానికి భరతుడు సేనతో వస్తుంటే, చంపడానికే వస్తున్నాడని ఎగిరిపడ్డ లక్ష్మణుడేనా ఇతను? చలి అతన్ని మార్చేసింది. తన ఒంటికి తగిలిన చలిని పట్టుకుని, వందల మైళ్ళ అవతల ఇంకొకడి ఒంటికి తగిలే చలిని ఊహించాడు.

నన్నయ, ఎర్రనల రెండు పద్యాల్లో మనిషి లేడు. ఉండక్కర్లేదు, ఆ తేటదనానికి మనిషి అడ్డమే. ఋతుసంహారంలో ప్రియురాలు ఉంది కానీ ఆమె చలికి వణకదు, చలి ఆమెకి అలంకారం. లక్ష్మణుడి హేమంతం మూడో రకం. ఇక్కడ రుతువుని గమనించడం ఒక కబురు అడగడం లాంటిది. అమ్మలు ఫోన్‌లో "చలి మొదలయిందా అక్కడ?" అని అడుగుతారే, అది. వాతావరణం గురించి మాట్లాడేవాళ్ళకి వేరే మాటలు లేవని నవ్వుకునేవాణ్ణి. వేదంలో నూరు శరత్తులు కావాలని కోరే ప్రార్థన ఒకటుంది. అందులో ముందు 'చూడాలి' అని, ఆ తర్వాతే 'బతకాలి' అని వస్తుంది. నాన్న ఇప్పటికి డెబ్భై ఒకటి చూశాడు.

స్నేహితుడి పదిహేడో కవితలో నాకు వెలితిగా అనిపించింది ఇప్పుడు సరిగ్గా చెప్పగలను. రుతువు పేరు తప్పు కావడం చిన్న విషయం. ఆ ఎర్రాకుల గుట్టల మీద నడుస్తున్నవాడికి విడిపోయిన అమ్మాయి ఎక్కడుందో, అక్కడ ఇప్పుడు ఎండగా ఉందో ముసురు పట్టిందో అనే ఊహే రాలేదు. ఆకులు అతని దుఃఖానికి వేసిన తివాచీ. అదే వాల్‌పేపర్ తప్ప ఇంకేమీ కాదు.

ఇదంతా ఒక పెద్ద కామెంటుగా రాసి పెట్టాను. రెండు రోజులు జవాబు లేదు. కోపం వచ్చిందనుకున్నాను. మూడో రోజు ఒక ఫోటో వచ్చింది. అతని స్కూటర్ సీటు, దాని మీద నాటు బాదం ఆకు ఒకటి, అరచేతికంటే పెద్దది, నిప్పులాంటి ఎరుపు. కింద ఒకే వాక్యం: "రాలవన్నవ్ కద అన్నా."

నాటు బాదం ఆకులు రాలే ముందు ఎర్రబడతాయి. చెట్టు మొత్తం రాల్చే కాలం వేరే ఉన్నా, ఏడాది పొడుగునా ఒకటీ అరా రాలుతూనే ఉంటాయి. అప్పుడు కిందికి దిగి చూశాను. మా ఇంటెదురుగా నాకు పేరు తెలీని ఆ రెండో చెట్టు కూడా అదే. ఆరేళ్ళు.

ఫోటో తేదీ చూశాను. నవంబరు 24. పంచాంగం ప్రకారం కార్తికం వెళ్ళి మార్గశిరం వచ్చి నాలుగో రోజు, అంటే హేమంతం. సాంకేతికంగా నా మొదటి కామెంటు ఇంకా కరెక్టే. ఆ సంగతి టైపు చేసి, పంపకుండా చెరిపేశాను.

గుట్టలు తీసేసి స్కూటర్ సీటు మీద ఆ ఒక్క ఆకు పెట్టాడు. మిగతా కవిత కూడా మారుతోంది, ఇంకా కుదరలేదు. రుతువు పేరు ఏం పెట్టమంటావని అడిగాడు. తేదీ వేసెయ్యమన్నాను. ఆ రాత్రే నాన్నకి ఫోన్ చేస్తే, శనగ మొలిచిందట, మంచు ఇంకా సరిగ్గా దిగలేదట, మళ్ళీ మబ్బు పట్టిందట. "ఊపిరి ఎలా ఉంది?" అన్నాను. "ఇప్పటికైతే బాగానే ఉంది" అన్నాడు.